మెరీనా నుంచి ప్రళయ కావేరి దాకా: వాతావరణం కోసం నడిచే గుంపు ముందుగా వేసుకోవాల్సిన లెక్కలు

వాతావరణ మార్పు గురించి నలుగురికీ తెలియజెప్పడానికి ఒక గుంపు కలిసి దూరం నడవాలనుకున్నప్పుడు మొదటి తగాదా తేదీ మీదే వస్తుంది. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినం కాబట్టి ఆ రోజే అంటారు కొందరు. ఏప్రిల్ 22 ధరిత్రీ దినోత్సవం కదా అంటారు ఇంకొందరు. చెన్నై నుంచి బయలుదేరే నడకకు ఈ రెండూ పనికిరావు. జూన్ 5 నాటికి రోహిణి కార్తె పోయి ఉండదు. రోళ్లు పగిలే ఎండలో నలభై మందిని తారు రోడ్డెక్కించి భూతాపం గురించి ఉపన్యాసం చెప్పిస్తే, సాయంత్రానికి ఆసుపత్రి చీటీలు తప్ప ఏమీ మిగలవు.

"వడగాడ్పుల హెచ్చరిక లేదుగా" అని ధైర్యం చెప్పేవాళ్లు ఉంటారు. ఆ హెచ్చరిక ఎలా ఇస్తారో తెలిస్తే ఆ ధైర్యం నిలవదు. వాతావరణ శాఖ లెక్కలో, తీర ప్రాంతంలో వడగాడ్పు అనాలంటే పగటి ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలకు చేరాలి, పైగా ఆ రోజుకు మామూలుగా ఉండేదానికంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుండాలి. జూన్ మొదట్లో చెన్నైకి 37, 38 డిగ్రీలే మామూలు. అంటే 40 డిగ్రీలు కాసిన రోజున కూడా ఏ హెచ్చరికా రాకపోవచ్చు. ఆ కొలమానం ఆ రోజు ఎంత అసాధారణమో చెబుతుంది గానీ, ఆ ఎండలో నడవొచ్చో లేదో చెప్పదు.

దానికి తోడు ఉక్కపోత. చెమట కారితే ఒళ్లు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. కర్నూలులో 42 డిగ్రీల పొడి ఎండను నీడపట్టున ఓర్చుకునే మనిషి, చెన్నైలో 36 డిగ్రీల తడిగాలికి డీలా పడేది ఇందుకే. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే, నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా గంటల తరబడి బతకలేడని చాలాకాలం లెక్కగట్టారు. తర్వాత మనుషుల మీదే చేసిన ప్రయోగాల్లో, వయసులో ఉన్నవాళ్లకు కూడా 31 డిగ్రీల దగ్గరే శరీరం వేడిని వదిలించుకోలేకపోతోందని తేలింది. నడిచేవాళ్ల ఒంట్లో పుట్టే వేడి దీనికి అదనం.

మరి ఎప్పుడు? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. చెన్నై ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే పడుతుంది, తుపాన్లూ అప్పుడే. ఫిబ్రవరి చివరికి ఎండ ముదరడం మొదలవుతుంది. మిగిలింది జనవరి, అందులోనూ మొదటి పన్నెండు రోజులు. దీనికి కారణం పెళ్లిళ్లు. రాత్రి బసకు కల్యాణ మండపాన్ని మించిన చోటు లేదు: వంటగది, నీళ్లు, మరుగుదొడ్లు, పెద్ద హాలు అన్నీ ఒక్కచోటే ఉంటాయి. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు కాబట్టి అవి ఖాళీగా ఉంటాయి, అద్దె కూడా బేరానికి దిగుతుంది. పొంగల్ దాటి తై మాసం వచ్చిందంటే ఆరు నెలల ముందే బుక్కైపోయి ఉంటాయి. అర్ధసంవత్సర పరీక్షల సెలవులయ్యాక బళ్లు తెరిచేదీ జనవరి మొదటి వారంలోనే. పిల్లలతో మాట్లాడాలంటే అంతకు ముందు వెళ్లి లాభం లేదు. ఈశాన్య వానలు ఒక్కోసారి జనవరి మొదటి వారానికీ పాకుతాయి కాబట్టి ఒక రోజు చేతిలో ఉంచుకోవాలి.

ఎటు నడవాలి

చెన్నైలో దూరం నడక అనగానే అందరి చూపూ దక్షిణానికి, ఈసీఆర్ (తూర్పు తీర రహదారి) మీదుగా మహాబలిపురం వైపు పోతుంది. దారి బాగుంటుంది, కాఫీ దొరుకుతుంది, ఫొటోలు అందంగా వస్తాయి. చూపించడానికి మాత్రం ఉత్తరపు దారే మేలు. మెరీనా నుంచి తిరువొత్తియూరు, ఎన్నూరు, మీంజూరు, పొన్నేరి మీదుగా పళవేర్కాడు దాకా సుమారు 60 కిలోమీటర్లు. కోత పడిన తీరం, బొగ్గు కరెంటు, ఉప్పెక్కిన బోర్లు, చివర్న పులికాట్ సరస్సు. ఈ సరస్సును మన పాతవాళ్లు ప్రళయ కావేరి అంటారు. చిలక తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. పళవేర్కాడు గట్టు దగ్గరివి తమిళనాడు నీళ్లు, ఉత్తరాన పరుచుకున్నవి మన రాష్ట్రానివి. టీ.నగర్ నుంచో మింట్ స్ట్రీట్ నుంచో వచ్చే తెలుగువాళ్లకు ఈ దారిలో ఇంకో సౌకర్యం కూడా ఉంది: పొన్నేరి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద సౌకర్యం రైలు. తిరువొత్తియూరు, ఎన్నూరు, మీంజూరు, పొన్నేరి అన్నీ గుమ్మిడిపూండి వైపు పోయే సబర్బన్ లైను మీదే ఉన్నాయి. కాలు బెణికినవాళ్లు, మధ్యలో ఆఫీసు నుంచి పిలుపొచ్చినవాళ్లు ఎవరికీ భారం కాకుండా రైలెక్కి ఇంటికి పోవచ్చు. సెలవు దొరకనివాళ్లు ఒక్క పూట వచ్చి నడిచి పోవచ్చు. పొన్నేరి దాటాక ఈ వెసులుబాటు ఉండదు, బస్సే దిక్కు. అందుకని చివరి 18 కిలోమీటర్లకు అదనంగా ఒక బండి ఉండాలి.

అరవై కిలోమీటర్లకు ఆరు రోజులు పెట్టుకోవాలి. మెరీనా నుంచి తిరువొత్తియూరు 11, అక్కణ్నుంచి ఎన్నూరు 8, మీంజూరుకు 13, పొన్నేరికి 10, తర్వాత పళవేర్కాడు దాకా రెండు రోజులు తొమ్మిదేసి. ఇవి అటూ ఇటూగా చెప్పే దూరాలు. నెల ముందు ఇద్దరు సైకిల్ మీద పోయి, అదే వేళకి అదే దారి చూసి రావాలి. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ కాలిబాట తెగిపోయింది, కంటైనర్ లారీలు ఏ వేళకు బారులు తీరతాయి అన్నవి ఫోన్‌లోని మ్యాపు చెప్పదు.

ఇంత తక్కువా అని కుర్రాళ్లు పెదవి విరుస్తారు. 1930లో దండి నడక 24 రోజుల్లో దాదాపు 390 కిలోమీటర్లు సాగింది, అంటే సగటున రోజుకు 16. అదే ఏడాది ఏప్రిల్ 13న రాజాజీ తిరుచిరాపల్లిలో మొదలుపెట్టి 28న వేదారణ్యం చేరిన ఉప్పు నడక సుమారు 240 కిలోమీటర్లు. భాగిస్తే అదీ 15, 16 దగ్గరే ఆగుతుంది. వాళ్లు ఏరికోరి తీసుకున్న వాలంటీర్లు. దారిలో ఆగి ఊళ్లవాళ్లతో మాట్లాడటమే అసలు పని కాబట్టి అంతకు మించి పెట్టుకోలేదు. ఆఫీసు కుర్చీల్లోంచి లేచొచ్చేవాళ్లకు రోజుకు పది చాలు.

ఏ మజిలీలో ఏం చెప్పాలి

ఇలాంటి నడకలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. కనిపించిన ప్రతి నష్టాన్నీ వాతావరణ మార్పు ఖాతాలో రాసేస్తారు. అక్కడి జనానికి అసలు కథ మనకంటే బాగా తెలుసు. ఒక్క మాట తప్పని తేలితే మిగతావీ వినరు.

తిరువొత్తియూరు తీరం చూడండి. రోడ్డు పక్కన బండరాళ్ల కట్ట, సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి గట్లు. "సముద్రమట్టం పెరిగి ఊరు మునుగుతోంది" అని మైకులో అనేయడం తేలిక. కానీ ఈ కోతకు ముఖ్య కారణం పంతొమ్మిదో శతాబ్దంలో కట్టిన చెన్నై రేవు. తూర్పు తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడుతుంటాయి. రేవు గోడ దానికి అడ్డం నిలిచింది. అడ్డానికి దక్షిణాన ఇసుక పేరుకుపోయింది. ఉత్తరాన, పోయే ఇసుక పోతూనే ఉంది గానీ వచ్చే ఇసుక ఆగింది. మెరీనా వెడల్పూ తిరువొత్తియూరు కోతా ఒకే లెక్కకు జమా ఖర్చులు. అందుకే నడక మెరీనాలో మొదలుపెట్టడం మంచిది: పొద్దున ఇసుక మీద నిలబడి ఆ వెడల్పు చూసినవాళ్లకు, సాయంత్రం రాళ్ల కట్ట దగ్గర విడమరచి చెప్పే పనుండదు. సముద్రమట్టం మాట ఆ తర్వాత రావాలి. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటున అది సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాతి వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. ఇసుక ఆసరా పోయిన తీరానికి ఆ కాస్త పెరుగుదల కూడా తుపాను రోజున భారమే. రేవు చేసింది ఇంత, వేడి చేస్తున్నది ఇంత అని విడదీసి చెబితే జాలరిపేట పెద్దలు తలూపుతారు.

ఎన్నూరుది వేరే పాఠం. ఇక్కడ కనిపించేది వాతావరణ మార్పు ఫలితం కాదు, దాని పుట్టుక. ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం, పక్కనే 1,500 మెగావాట్ల వల్లూరు కేంద్రం, రెండూ బొగ్గువే. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గాల్లో కలుస్తుంది. వల్లూరు పూర్తి సామర్థ్యంతో గంట నడిస్తే 15 లక్షల యూనిట్లు, అంటే దాదాపు 1,500 టన్నులు. ఈ లెక్కను ఎన్నూరు జాలర్లకు చెప్పి ప్రయోజనం లేదు. వాళ్లకు తెలిసింది పడవ కింద చేరే బూడిద, ఏట్లో కలిసే వేడినీళ్లు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతోపాటు కొసస్థలి నది ముఖద్వారంలో పరుచుకున్న నూనె తెట్టు. ఇక్కడ నడిచేవాళ్లు మాట్లాడటం తగ్గించి వినాలి. ఆ లెక్క చెప్పాల్సింది మనలో మనకే. టీ.నగర్‌లో ఏసీ తిరిగే కరెంటు కొంత ఇక్కణ్నుంచే వస్తుంది.

వానల గురించి ఎక్కడైనా అడుగుతారు, 2015 ప్రస్తావన తప్పకుండా వస్తుంది. ఆ డిసెంబరు 1, 2 తేదీల మధ్య 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్లు పడింది. అది భూతాపం వల్లేనా? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. ఇది గట్టి భౌతికశాస్త్రం. కానీ ఆ ఒక్క వానను తీసుకుని శాస్త్రజ్ఞులు విశ్లేషించినప్పుడు, అందులో భూతాపం పాత్ర స్పష్టంగా పట్టుబడలేదు. నష్టం అంతగా పెరగడానికి పూడిన చెరువులు, ఆక్రమించిన వాగులు, జలాశయాల నుంచి నీళ్లు వదిలిన వేళలు కారణమయ్యాయి. "వేడి పెరిగేకొద్దీ ఇలాంటి కుండపోతలకు అవకాశం పెరుగుతుంది, ఫలానా వానకు అదే కారణమని మాత్రం ఇంకా చెప్పలేం" అనడం మైకులో అంత రక్తి కట్టదు. నిజం అదే కాబట్టి అలాగే చెప్పాలి.

మీంజూరులో గ్లాసెడు నీళ్లు

ఈ దారిలో అందరికీ ఇట్టే అర్థమయ్యేది ఉప్పునీళ్ల సంగతి. మీంజూరు చుట్టూ భూగర్భ జలాల్లోకి సముద్రం చొరబడటం 1960ల చివర్లోనే బయటపడింది. ఊరి అవసరాలకూ పొలాలకూ బోర్లతో అతిగా తోడేయడమే దానికి మూలం. లోపలి మంచినీటి ఒత్తిడి తగ్గినచోట ఉప్పునీళ్లు ముందుకొస్తాయి. సముద్రమట్టం పెరగడం, వానలు అదను తప్పి భూమి నిండకపోవడం ఆ చొరబాటుకు ఇప్పుడు తోడవుతున్నాయి.

ఇది కంటికి చూపించడానికి జేబులో పట్టే టీడీఎస్ మీటరు చాలు. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అది చూపిస్తుంది. బోరు మోటారు వేసి రెండు నిమిషాలు నీళ్లు పోనివ్వాలి, ఎందుకంటే పైపులో నిలవున్న నీళ్లు అసలు లెక్క చెప్పవు. స్టీలు గ్లాసును అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, సగం నింపి, మీటరు కొసను గీత దాకా ముంచి, బుడగలు పోయేలా ఒకసారి కదిపి, అంకె నిలిచేదాకా ఆగాలి. తాగునీటికి 500 లోపు మంచిది. వేరే నీళ్లు లేనప్పుడు 2,000 దాకా అనుమతి ఉంది. సముద్రపు నీళ్లు 35,000 దగ్గర ఉంటాయి. చవక మీటర్లు అక్కడిదాకా పోలేక పదివేల లోపే చేతులెత్తేస్తాయి. బయలుదేరేముందు మీటరును ప్రమాణ ద్రావణంలో సరిచూసుకోకపోతే ఆరు రోజుల అంకెలూ వృథా.

తిరువొత్తియూరు నుంచి ప్రతి మజిలీలో రెండు మూడు బోర్లు కొలిచి, అంకె, బోరు లోతు, సముద్రం ఎంత దూరం, ఇవన్నీ ఒకే గళ్ల కాగితం మీద రాస్తూ పోవాలి. పొన్నేరి చేరేసరికి ఆ కాగితమే పెద్ద ప్రసంగం. ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఎవరింట్లోనో గ్లాసు ముంచి "అమ్మో, ఇవెలా తాగుతున్నారండీ" అనకూడదు. "మరి ఏం తాగమంటావు బాబూ" అని ఆ ఇంటి పెద్దావిడ అడిగితే జవాబుండదు. మీటరు ఉప్పు సంగతే చెబుతుంది, క్రిముల సంగతి చెప్పదని కూడా అక్కడే చెప్పాలి.

వేడికి ఇలాంటి పరికరమే ఉంది, గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు. మిట్టమధ్యాహ్నం తారు మీద ఒకసారి, పక్కనే వేపచెట్టు నీడలో నేల మీద ఒకసారి పిల్లల చేతే నొక్కించండి. జనవరిలో కూడా పది పదిహేను డిగ్రీల తేడా మామూలుగా కనిపిస్తుంది. అది గాలి వేడిని కొలవదు, ఉపరితలాన్నే కొలుస్తుంది. మెరిసే రేకు మీద పెడితే తప్పు చూపిస్తుంది.

పళవేర్కాడులో పడవ ఎక్కొద్దు. నలభై మంది ఆరు రోజులు నడిచొచ్చిన హుషారులో ఉంటారు, పడవవాళ్లు పిలుస్తారు. 2011 డిసెంబరు 25న ఈ సరస్సులోనే పడవ మునిగి 22 మంది చనిపోయారు. గట్టు మీదే కూర్చుని, మొగ (సరస్సు సముద్రంలో కలిసే చోటు) పూడిపోతే సరస్సులో ఉప్పు ఎలా మారుతుందో, రొయ్య ఎందుకు తగ్గుతుందో జాలర్లనే చెప్పమనండి. అది మనం చెప్పగలిగిందానికంటే బాగుంటుంది.

నడకలో తోక బాధ

నలభై మంది జంటలుగా నడిస్తే వరస 40 మీటర్లు. కిలోమీటరు తిరిగేసరికి అది 200 మీటర్లవుతుంది, ఒక సిగ్నలు దాటితే అర కిలోమీటరు. ముందున్నవాళ్లు హాయిగా నడుస్తుంటారు. చివరివాళ్లు ప్రతి ఆగుడు తర్వాతా పరుగులాంటి నడకతో అందుకోవాల్సి వస్తుంది. అసలు అన్యాయం విశ్రాంతి దగ్గర జరుగుతుంది. ముందొచ్చినవాళ్లు పది నిమిషాలు కూర్చుని మజ్జిగ తాగి, చివరివాళ్లు కనిపించగానే "పదండి పదండి" అని లేస్తారు. అందరికంటే అలిసినవాళ్లకు విశ్రాంతి సున్నా. మూడో రోజుకు పడిపోయేది వాళ్లే, నెపం వయసు మీదో బరువు మీదో వేస్తారు.

విరుగుడు చిన్నదే. అందరికంటే నెమ్మదిగా నడిచే ఇద్దరిని ముందు పెట్టాలి. విశ్రాంతి గడియారం చివరి మనిషి కూర్చున్నాకే మొదలవ్వాలి. ఓపికున్న ఒకరు ఎప్పుడూ చిట్టచివర నడవాలి, వాళ్ల వెనక ఎవరూ ఉండకూడదు. అయిదుగురికొక జట్టు చేస్తే ఎనిమిది జట్లు. ఆగినప్పుడల్లా జట్టు పెద్ద తనవాళ్లను లెక్కపెట్టి చెబితే నలభై మందిని లెక్కించడం అర నిమిషం పని. ఒంటరిగా గంటకు అయిదు కిలోమీటర్లు నడిచేవాళ్లే గుంపులో ఆగుళ్లతో కలిపి మూడు దాటరు. ఉదయం ఆరుకు బయలుదేరి తొమ్మిదిన్నరకు మజిలీ చేరాలి. పగలంతా బడి, బోరు, మాటలు. మిగిలిన రెండు మూడు కిలోమీటర్లుంటే సాయంత్రం నాలుగున్నర తర్వాత.

కాలిబాట లేని చోట ఒకరి వెనక ఒకరుగా, ఎదురొచ్చే బండ్లు కనపడేలా రోడ్డు కుడివైపున నడవాలి. పోలీసులు వేరేలా చెబితే వాళ్ల మాటే. పొద్దున చీకట్లో మొదటి మనిషికీ చివరి మనిషికీ మెరిసే చొక్కాలు తప్పనిసరి. ఎన్నూరు దగ్గర లారీల దుమ్ముకు మాస్కు కావాలి.

అనుమతి సంగతి క్లుప్తంగా: నగరంలో ఊరేగింపులకు చెన్నై నగర పోలీసు చట్టం కింద ముందస్తు అనుమతి కావాలి. దారి నగరం దాటి వేరే పోలీసు పరిధుల్లోకి పోతుంది కాబట్టి దరఖాస్తు ఒక్కచోట ఇచ్చి ఊరుకుంటే చాలదు. తేదీ, వేళ, దారి, మనుషుల లెక్క, బాధ్యుల ఫోన్లతో మూడు వారాల ముందే ఇవ్వండి. "పాదయాత్ర" అని మాత్రం రాయొద్దు. మనవాళ్లు వెంటనే ఏ పార్టీ అంటారు, తమిళులు ఏ గుడికి అంటారు. నడక అంటే చాలు. కరపత్రం రెండు భాషల్లో ఉండాలి, బ్యానరు గుడ్డది. ఫ్లెక్సీ పట్టుకుని పర్యావరణం గురించి మాట్లాడితే మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

నీళ్లు, పాదాలు, బాత్రూం

మనిషికి రోజుకు నాలుగు లీటర్ల తాగునీళ్లు వేసుకుంటే నలభై మందికి 160 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఎనిమిది. చేతులు కడగడానికి, గ్లాసులు తొలవడానికి ఇంకో రెండు. లీటరు సీసాలు కొంటే ఆరు రోజులకు దాదాపు వెయ్యి అవుతాయి. ఎవరి స్టీలు సీసా, పళ్లెం, గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి.

నడిచేటప్పుడు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, గుక్కలు గుక్కలుగా తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి వట్టి నీళ్లే అతిగా తాగినా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, తికమక మొదలవుతాయి. అందుకే మజిలీలో ఉప్పు వేసిన మజ్జిగ, మనిషికి 300 మిల్లీలీటర్ల చొప్పున 12 లీటర్లు. ఓఆర్ఎస్ దగ్గర జరిగే తప్పు ఒకటుంది: లీటరు నీళ్లకు ఉద్దేశించిన 20.5 గ్రాముల పొట్లాన్ని ఒక గ్లాసులో కలిపేస్తారు. ఆ చిక్కదనానికి దాహం తీరకపోగా విరేచనాలు పట్టుకోవచ్చు. పొట్లం మొత్తం కొలిచిన లీటరులోనే కలపాలి. లేనప్పుడు లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు చదునుగా కొట్టి.

తల తిరగడం, విపరీతమైన చెమట, నీరసం ఉంటే నీడ, నీళ్లు, పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తు. మాట తడబడినా, సంబంధం లేకుండా మాట్లాడినా అది వడదెబ్బే. ఒళ్లు చెమటతో తడిగా ఉంది కదా అని కొట్టిపారేయకూడదు. 108కి ఫోన్ చేస్తూనే అక్కడే చల్లబరచడం మొదలుపెట్టాలి: ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి, మెడ కింద, చంకల్లో, గజ్జల్లో మంచు ఉంచాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

పాదాల విషయంలో డబ్బు ఖర్చు కంటే ముందుచూపు ముఖ్యం. కొత్త బూట్లతో రావడం నేరంతో సమానం. కనీసం యాభై కిలోమీటర్లు అరిగిన జత కావాలి, అదీ సాయంత్రం పూట కొన్నది, ఎందుకంటే పొద్దు పోయేకొద్దీ పాదాలు వాస్తాయి. నూలు మేజోళ్లు చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి, తడి చర్మం త్వరగా బొబ్బెక్కుతుంది. బొబ్బకు ముందు ఆ చోట చురుక్కుమంటుంది. ఆ నిమిషమే ఆగి టేపు వేస్తే ఆరు రోజులూ నడుస్తారు. "కొంచెం దూరమే కదా" అనుకున్నవాళ్లు మర్నాడు రైలెక్కుతారు. పెద్ద బొబ్బయితే శుభ్రం చేసిన సూదితో అంచున గుచ్చి నీరు తీయాలి, పై తోలు ఊడదీయకూడదు. చక్కెర జబ్బున్నవాళ్లు ఈ ప్రయోగం చేయకూడదు. వాళ్లు రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, నడక వల్ల చక్కెర పడిపోతుంది కాబట్టి జేబులో బెల్లమ్ముక్క ఉంచుకోవాలి, మందుల మోతాదు ముందే డాక్టరును అడగాలి.

తెల్లారి ఆరుకు బయలుదేరాలన్న పథకం ఎక్కడ చెడుతుందో చూడండి. మండపంలో మరుగుదొడ్లు రెండున్నాయి. మనిషికి ఆరు నిమిషాలనుకున్నా నలభై మందికి రెండు గంటలు. ఆడవాళ్లకు ఇంకా కష్టం. అందుకని బస మాట్లాడేటప్పుడు గదులు కాదు, దొడ్లు లెక్కపెట్టుకోవాలి. కనీసం నాలుగుండాలి, రెండు ఆడవాళ్లకు. జట్లవారీగా నాలుగుంబావు నుంచి లేపాలి. ఇడ్లీలు ముందు రాత్రే ఊళ్లో చెప్పి ఉంచితే, మనిషికి అయిదు చొప్పున రెండొందలు, వంట మనుషులకు తెల్లవారుజాము కష్టం తప్పుతుంది. మధ్యాహ్నం అన్నానికి మనిషికి 120 గ్రాముల బియ్యం చాలు.

నడక వదిలే పొగ

"మీ వెనకొచ్చే బండి మాటేంటి?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. జవాబు అంకెల్లో ఉండాలి. సామాను మోసే చిన్న ట్రక్కు, చెన్నైలో కుట్టి యానై అంటారు, అటూ ఇటూ కలిపి రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే ఆరు రోజులకు 240. లీటరుకు 12 చొప్పున 20 లీటర్ల డీజిలు, లీటరుకు 2.68 కిలోల లెక్కన దాదాపు 54 కిలోల బొగ్గుపులుసు వాయువు. వంటకు ఒక 19 కిలోల సిలిండరు ఖర్చయితే 57 కిలోలు. మొత్తం 111. వల్లూరు కేంద్రం నిండుగా నడిచేటప్పుడు ఇది పావు సెకను పొగ.

కానీ ముగింపు సభకు టీ.నగర్ నుంచి పెద్దలు పది కార్లలో పళవేర్కాడు వచ్చి పోయారనుకోండి. ఒక్కో కారుకు రానూపోనూ 130 కిలోమీటర్లు, మొత్తం 1,300. లీటరుకు 15 చొప్పున 87 లీటర్ల పెట్రోలు, లీటరుకు 2.3 కిలోలనుకుంటే 200 కిలోలు. నలభై మంది ఆరు రోజుల నడకకు దాదాపు రెట్టింపు, రెండు గంటల సన్మానానికి. ముగింపు సభను పొన్నేరి స్టేషన్ పక్కన పెట్టుకోండి. వచ్చేవాళ్లు రైల్లో వస్తారు, రానివాళ్ల శాలువా ఖర్చు మిగులుతుంది.

ఎన్ని కరపత్రాలు పంచామన్నది లెక్కలోకి రాదు. నెల తర్వాత ఇద్దరు రైల్లో వెళ్లి, అదే బడిలో అదే పిల్లల్ని కలిసి, థర్మామీటరు అంకెలు గుర్తున్నాయా అని అడిగి రావాలి. బోర్లకు మే నెలలో ఇంకోసారి పోవాలి. నీటిమట్టం దిగినప్పుడు ఉప్పు ఎంత పెరిగిందో అప్పుడే తెలుస్తుంది. అప్పటికి అగ్నినక్షత్రం, అంటే తమిళనాట మండువేసవి కాబట్టి నడవకుండా, పొద్దున్నే మొదటి రైలుకు పోయి తొమ్మిదికల్లా తిరిగి రావాలి. ఆ గళ్ల కాగితంలో ప్రతి జనవరి అంకె పక్కనా ఒక గడి ముందే ఖాళీగా వదిలిపెట్టుకోవాలి.